బావికీ గుంటకూ మధ్య బేరం

గిద్దలూరులో మా నాయనది కిరాణా దుకాణం. చెప్పిన ధరకే వస్తువు కొనుక్కుపోయేవాణ్ని మా ఇంట్లో జబ్బుమనిషిని చూసినట్లు జాలిగా చూసేవాళ్లు. మార్కాపురం కోడలినయ్యాక ఆ విద్యను కూరగాయల గంపల మీద, గాజులమలారం మోసుకొచ్చేవాళ్ల మీద ప్రయోగించి కొంత పేరు తెచ్చుకున్నాను. కంటికి కనిపించని క్రిములతో బేరానికి దిగుతానని మాత్రం అనుకోలేదు.

మా అత్తకు మోకాళ్లు పట్టేశాయి. ఊరి బయట కంపచెట్ల దాకా నడవలేక, పోవాల్సిన అవసరమే రాకూడదని ఆమె తిండీ నీళ్లూ తగ్గించేసింది. మనిషి రోజురోజుకూ ఎండిపోతోంది. పెరట్లో గుంట తవ్వించి మరుగుదొడ్డి కట్టిద్దామని పట్టుబట్టాను. అట్లాంటివి కట్టుకొమ్మని శానిటరీ ఇన్‌స్పెక్టరు ఒకాయన ఊరూరా బతిమాలుతూ తిరుగుతున్న రోజులవి. కబురు చేస్తే ఉత్సాహంగా వచ్చాడు. పెరటి నడుమ మా బావిని చూడగానే ఆ ఉత్సాహం దిగిపోయింది.

గుంటకూ బావికీ మధ్య యాభై అడుగులు ఉండాలన్నాడు. మా పెరట్లో ఏ మూలన తవ్వినా ముప్పై దాటదు.

"ముప్పైకి ఖాయం చేయండి సారూ. మా ఇంటికి మొదటిసారి వచ్చినారు" అన్నాను.

"నేను ఒప్పుకుంటా తల్లీ. క్రిములు ఒప్పుకోవాల గదా."

అవి ఎందుకు ఒప్పుకోవో చూపిస్తానని అడుగున చిల్లులున్న కుండలు రెండు తెమ్మన్నాడు. ఒకదాంట్లో గుండ్లకమ్మ ఏటి ఇసుక నింపించాడు. రెండోదాంట్లో పలకల గని నుంచి తెచ్చిన రాతిముక్కలు. పసుపు కలిపిన నీళ్లు రెండింట్లోనూ పోశాడు. ఆ పసుపేదో కాస్త తక్కువ కలపగూడదా అని నా ప్రాణం కొట్టుకుంది. రాతిముక్కల కుండ నుంచి నీళ్లు పచ్చగానే కారాయి. ఇసుక కుండ నుంచి దాదాపు తేటగా వచ్చాయి. క్రిములూ ఇంతేనట. ఇసుకలోనైతే దారి ఇరుకు, రేణువు రేణువుకూ తగులుకుంటూ, అంటుకుంటూ పోయి ఎక్కడో ఆగిపోతాయి. మన నేల కింద ఉన్నది పలకరాయి. దాని పగుళ్లలో అడ్డమనేదే లేదు, నీళ్లతోపాటు తిన్నగా బావిలోకి నడిచి వస్తాయి.

నాకు సందు దొరికింది. గుంట చుట్టూ నాలుగు బండ్ల ఇసుక పోయిస్తానన్నాను. ఆయన ఇసుక కుండలో బిందెడు నీళ్లు ధారగా కుమ్మరించాడు. అంతసేపూ ఇసుకను పట్టుకుని కూర్చున్న పసుపు కొంత ఊడి కిందికి దిగింది. పెద్దవాన పడితే జరిగేది ఇదేనన్నాడు. మా నాయన దగ్గర కూడా నేను అంత త్వరగా ఓడిపోలేదు.

గుంట జరగదు. మరి బావి జరగగూడదా అనిపించింది. పక్కింటి పిన్నమ్మ బావి మిట్టన ఉంది. మా పెరటి చివరి మూల నుంచి టేపు పెట్టి కొలిస్తే యాభై దాటి చాలా దూరం వచ్చింది. నీళ్లు అటునుంచి మావైపు దిగుతాయే గానీ ఎక్కవని ఇన్‌స్పెక్టరు కూడా తలూపాడు. మా బావిని గొడ్లకూ గుడ్డలకూ వదిలేసి తాగే నీళ్లు పిన్నమ్మ దగ్గర తోడుకోవచ్చు. చిక్కల్లా ఒకటే. గోడ మీద పిడకలు కొట్టిన గొడవలో మా అత్తా పిన్నమ్మా మాటలు మానేసి ఏళ్లయింది.

పోయి అడిగాను. నీళ్లిస్తే మా మరుగుదొడ్డి మీరూ వాడుకోవచ్చని ఆశ పెట్టాను. ఆమె మోకాళ్లూ మంచివి కావని నాకు తెలుసు.

"మీ అత్త నా బావి నీళ్లు తాగుతాదంటనా?" అంది పిన్నమ్మ.

తాగుతుందన్నాను.

"అట్లయితే తెల్లవారి మొదటి వంతు నాది."

రోజు మార్చి రోజు అన్నాను, పండగలకు మాత్రం మీరే అన్నాను, వినలేదు. జన్మలో ఒక్క వస్తువు అమ్మని మనిషి దుకాణదారు కూతుర్ని గోడకు ఆనించేసింది. ఒప్పుకున్నాను.

కట్టడం పూర్తయిన మొదటి ఉదయం పిన్నమ్మ చెంబుతో వచ్చేసరికి తలుపు మూసి ఉంది. కాసేపు చూసింది. కాలు మార్చి నిలబడింది. నావైపు కోపంగా చూసింది. చివరికి తలుపు దగ్గరికి పోయి, అన్నేళ్ల తరువాత మొదటిసారి నోరు విప్పింది.

"అక్కా, మొదటి వంతు నాదని మీ కోడలు ఒప్పుకునింది."

లోపలి నుంచి మా అత్త గొంతు తాపీగా వచ్చింది.

"ఒప్పుకున్నది అది గదా, దాన్నడుగు. ఇన్నాళ్లకు నెమ్మదిగా కూసున్నా. నన్ను తొందరపెట్టబాక."