కావాలని చేస్తోందనుకున్నాను

ఆదివారం మధ్యాహ్నం, హిందీ మాట్లాడే కార్ఖానా ఊళ్లో, సిద్ధగోరా పేటలోని మా క్వార్టర్లో భోజనానికి కూర్చున్నాం. మా తొమ్మిదేళ్ల సుశీలను మార్కుల గురించి గట్టిగా అడుగుతున్నాను. అది కళ్లు టపటపా ఆర్పి, మెడ పక్కకి విదిలించింది. మళ్లీ విదిలించింది.

"ఏటి ఆ ఏసాలు?" అన్నాను.

"జాన్‌బూఝ్‌కర్ నహీ, నాన్నా," అంది. కావాలని చెయ్యడం లేదట. నేను నమ్మలేదు.

అవి డెబ్బైల చివరి రోజులు. నేను కార్ఖానాలో క్రేన్ నడిపేవాణ్ణి. కింద నిలబడినవాడు చేత్తో సైగ చేస్తే పైన నేను బరువు కదపాలి. అర్థం లేకుండా మనిషి ఒళ్లు కదలదని నా నమ్మకం. అందుకే పిల్లమీద నిఘా పెట్టాను.

శ్రీకాకుళం నుంచి మా బావ వచ్చినప్పుడు అరగంటసేపు ఒక్కసారి కూడా మెడ కదపలేదు. ఆయన వెళ్లగానే పెరట్లోకి పోయింది. కిటికీ సందులోంచి చూశాను. ఆగకుండా మెడ విదిలిస్తోంది, గొంతులో 'ఖుమ్, ఖుమ్' అంటోంది. ఆపగలిగింది కనుక నాటకమే అని తేల్చేసి, లోపలికి పిలిచి చెంపమీద కొట్టాను. గొంతులో ఆ చప్పుడు ఇంకా ఎక్కువైంది.

ఏడాది గడిచినా తగ్గలేదు. స్కూల్లో టీచర్ దాన్ని వెనక బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టింది. నా భార్య రాజేశ్వరి దిష్టి తీసి, తాయెత్తు కట్టి, చివరికి నామీద పడింది.

"కొడితే తగ్గీది కాదండి ఇది. ఆస్పత్రికి తీసుకెల్దారి."

కళ్ల డాక్టరు చూపు బాగుందన్నాడు. ఫిట్స్ ఏమోనని ఈఈజీ తీశారు. అదీ నార్మల్. అన్నీ నార్మలైతే పిల్ల నటిస్తున్నట్టే కదా అని నా అనుమానం గట్టిపడింది.

తరవాత నరాల జబ్బులు చూసే ఒక బెంగాలీ డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ చాలాసేపు పిల్లతో కబుర్లాడి, "ఇది టిక్ డిజార్డర్, అంటే ఒళ్లు తనంతట తనే కదిలే జబ్బు. కదలికలూ శబ్దమూ రెండూ ఏడాది దాటి ఉన్నాయి కాబట్టి టూరెట్ సిండ్రోమ్ అంటాం," అని హిందీలో చెప్పింది.

"మరి చుట్టాల ముందు ఎలా ఆపింది?" అన్నాను.

"రెప్ప వెయ్యకుండా నా వైపు చూడండి."

చూశాను. కాసేపటికే కళ్లు మండి నీళ్లు కారాయి. ఆపలేక వరసగా రెప్పలు కొట్టుకున్నాను.

"మీ పాప చుట్టాల ముందూ, స్కూల్లో రోజంతానూ ఇలాగే ఆపుకుంటోంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

లేదన్నాను.

"అబద్దమెందుకండి?" అంది రాజేశ్వరి. "చిన్నప్పుడు మీరూ బుజం ఎగరేసీవోరంట. అత్తే సెప్పింది."

డాక్టరమ్మ రాసుకుంది. నేను తల ఎత్తలేదు. మా నాన్న నా భుజాన్ని తువ్వాలుతో బిగించి కట్టిన సంగతి నాకు బాగా గుర్తుంది.

హాలోపెరిడాల్ అనే మాత్రలు రాసిచ్చింది. మూడో రోజు పొద్దున్న పిల్ల మెడ ఒక పక్కకి మెలిపడి అలాగే నిలిచిపోయింది. నాలుక మొద్దుబారి మాట రావడం లేదు. రిక్షాలో ఆస్పత్రికి పరుగెత్తాం.

"నా బిడ్డకి ఏటి విషం పెట్టినారు?" అని అరిచాను.

ఇంజెక్షన్ ఇచ్చాక అరగంటలో మెడ సర్దుకుంది. డాక్టరమ్మ నా పక్క బెంచీమీద కూర్చుంది. "ఇది సైడ్ ఎఫెక్ట్. ముందే చెప్పవలసింది. తప్పు నాది," అంది. ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

డోసు బాగా తగ్గించి, మెల్లగా పెంచింది. టిక్స్ సగం తగ్గాయి. పూర్తిగా పోలేదు. నిద్రమత్తు మాత్రం చాన్నాళ్లు బాధించింది. ఆవిడ రాసిచ్చిన ఉత్తరం చూశాక, ఆపుకోలేనప్పుడు కాసేపు బయటికి వెళ్లి రావడానికి స్కూల్లో ఒప్పుకున్నారు.

ఒక సాయంత్రం సుశీలతో, "కొట్టినాను, తప్పయిపోయిందమ్మా," అన్నాను. ఎప్పుడూ హిందీలో జవాబిచ్చే పిల్ల ఆ రోజు తెలుగులో అడిగింది.

"ఇప్పుడు నమ్మినావా మరి?"

నమ్మానన్నాను.

ఇప్పుడు దానికి పంతొమ్మిదేళ్లు. మూడేళ్ల కిందట డాక్టరమ్మ చెప్పినట్టే కొద్దికొద్దిగా తగ్గించి మందు ఆపేశాం. పరీక్షలప్పుడూ జ్వరమప్పుడూ కళ్లు టపటపలాడతాయి. ఊళ్లోనే భాలుబాసా పేటలో చిన్నపిల్లలకి ట్యూషన్ చెబుతోంది. కళ్లెందుకలా అని వాళ్లడిగితే దాచకుండా చెబుతుంది.

సాటి తల్లిదండ్రులకి నాదొక్కటే మాట. కొత్త మాత్ర చేతికిచ్చినప్పుడు, దీనివల్ల ఏం కావచ్చు, అలా అయితే ఎక్కడికి రావాలి అని డాక్టరుని అడిగి చీటీ మీద రాయించుకోండి. అనుమానమంతా పిల్లమీద పెట్టుకుని, అడగవలసిన చోట నేను నోరు మెదపలేదు.