నోరీన్‌కి వచ్చిన తొంభై రెండు

మా వీధిలో నోరీన్ టన్నిక్లిఫ్ చేతికి వణుకన్నది తెలియదు. పింగాణీ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి కప్పుల అంచుకి బంగారు గీత గీసింది. ఆవిడ కుంచె పట్టుకుంటే ఈగలు కూడా గాల్లోనే ఆగిపోయేవని నా మనవలకి చెబుతుంటాను. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని కాన్వెంటులో సిస్టర్లు అనేవారు. నాది ఇప్పటికీ ఎర్రగానే ఉంది.

ఇంగ్లండులో పింగాణీకి పేరుపడ్డ మా స్టోక్‌లో బట్టీలు ఒక్కొక్కటే ఆరిపోయాక నోరీన్ పబ్బులో నేల తుడిచే పనికి కుదిరింది. అప్పుడొచ్చాడు గారెత్, మెడలో టై వేసుకుని, ఇంట్లోనే కూర్చుని నేర్చుకునే కంప్యూటర్ కోర్సు అమ్మడానికి.

"ముందు చిన్న పరీక్షండీ. మేం అందరినీ చేర్చుకోం" అన్నాడు.

నోరీన్‌కి తొంభై రెండు శాతం వచ్చింది. బడిలో ఒక్క పరీక్షా గట్టెక్కని మనిషి! ఆఫీసు ఉద్యోగం ఖాయమన్నాడు. ఆ సంబరంలో కోర్సు ఫీజుకి అప్పు కాగితాల మీద సంతకం పెట్టేసి, వీధిలో అందరికీ కేకు పంచింది.

వచ్చిన డిస్కుల్లో సగం తెరుచుకోలేదు. తెరుచుకున్నవేమో కంప్యూటర్ ముందే వచ్చినవాళ్లకే అర్థమవుతాయి. కోర్సు మాస్టారికి ఫోన్ చేస్తే పాట వినిపించేది, మాస్టారు పలికేవాడు కాదు.

"వాళ్లని తిట్టకు బాబాయ్" అంది మా వంటింట్లో కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ. "పరీక్ష పాసయ్యానుగా! ఇప్పుడు బుర్రకెక్కట్లేదంటే తప్పు నాదే."

నాకు ఒళ్లు మండిపోయింది. మోసం చేసింది వాళ్లు, లెంపలేసుకునేది ఈవిడా! నాకూ కోర్సు కావాలని కబురు పెట్టాను.

గారెత్ వచ్చాడు. నోరీన్ వంటింటి తలుపు వెనక నిలబడింది. అతనికి టీ ఇచ్చి, కళ్లద్దాలు జేబులోంచి తియ్యకుండా, ప్రశ్నలు చదవకుండా, అన్నిటికీ మూడో గడిలో టిక్కులు కొట్టేశాను.

"తొంభై రెండు శాతం! ఈ వయసులో ఇంత బుర్రా సార్!"

తలుపు తెరుచుకుంది.

"నా కాగితం ఎవరు దిద్దారు?" అంది నోరీన్.

గారెత్ మొహం పాలిపోయింది. "మేడమ్, అదీ..."

"ఎవరు దిద్దారయ్యా?"

"ఎవరూ దిద్దరు మేడమ్. అందరికీ అదే చెప్పమంటారు."

నేనూ జన్మంతా కోతలు కోసినవాణ్ణే. కానీ ఒక మనిషికున్న ఒకే ఒక్క గెలుపుని నకిలీ సరుకు చేసి అమ్ముకోలేదు. కొట్టడానికి చెయ్యెత్తాను. నోరీన్ నన్ను పక్కకి నెట్టింది. అతని చేతిలో కప్పు లాక్కుని, సగం తాగిన టీ సింకులో పారబోసింది. మా ఊళ్లో అంతకన్నా పెద్ద చెంపదెబ్బ లేదు.

"లే. ఇప్పుడన్న మాటే మీ ఆఫీసులో అందరి ముందూ అను. అప్పు కాగితాల మీద నా సంతకం కొట్టేసేదాకా అక్కణ్ణుంచి కదలను."

నేను కోటు అందుకున్నాను.

"రా బాబాయ్" అంది. "కానీ నోరు విప్పావో, చంపేస్తా. నువ్వో ముక్క కలిపితే నా నిజం కూడా ఎవడూ నమ్మడు."