రెండో పాదం

ఆస్పత్రి మూడో అంతస్తులో, లిఫ్టు పక్కన, ఒకప్పుడు దుప్పట్లు దాచుకునే గది ఒకటుంది. అందులో ఒక వాలుకుర్చీ, ఒక పొట్టి స్టూలు, ఒక సింకు, ఎంత లాగినా తెరుచుకోని కిటికీ. ఆ స్టూలు మీద పంతొమ్మిదేళ్లుగా కూర్చుంటున్న మనిషిని అందరూ పాదాలక్క అంటారు. కేన్సర్‌కి కీమో ఎక్కించుకోవడానికి వచ్చినవాళ్ల పాదాలకు నూనె రాసి, మెత్తగా పట్టి పంపడం ఆవిడ ఉద్యోగం. చేరిన కొత్తలో కుర్ర డాక్టర్లు "కాళ్లు పిసికే డిపార్ట్‌మెంటు" అని నవ్వుకున్నారు. ఆవిడ వినపడనట్టే ఉండి, ఎవరెవరు నవ్వారో మాత్రం గుర్తుపెట్టుకుంది.

పాదాలక్కకి మనుషుల మీద నమ్మకం తక్కువ. వైద్యాల మీద ఇంకా తక్కువ. తను చేసే దాని మీద అన్నిటికంటే తక్కువ. కొత్తవాళ్లు కుర్చీలో కూర్చోగానే ముందు ఒక మాట చెప్పేస్తుంది.

"ఇది జబ్బుని తగ్గించదు. కాసేపు హాయిగా ఉంటుంది, రాత్రికి కాస్త నిద్ర పడుతుంది. అంతే. తగ్గుతుందని ఎవరైనా చెబితే వాళ్లెవరో నాకు చెప్పండి."

సొంత సరుకుని ఇలా తీసిపారేసే దుకాణదారు ఇంకెక్కడా కనపడరు. ఆ రోజు రక్తం రిపోర్టు చూడనిదే ఆవిడ చెయ్యి వెయ్యదు. కాలు వాచి వేడిగా ఉంటే ముట్టుకోకుండా నర్సుని కేకేస్తుంది. వార్డులో ఎవరి దిండు కింద సీసా కనపడినా, నాటుమందేమోనని మూత తీసి వాసన చూస్తుంది.

ముప్పై ఏళ్లు బస్సు నడిపిన డ్రైవరొకాయన నాలుగు నెలలుగా ఆవిడ దగ్గరికి వస్తున్నాడు. కీమో బాగానే పనిచేసి గడ్డ సగానికి తగ్గింది. కానీ ఈమధ్య ఎందుకో లివర్ రిపోర్టు చెడిపోతోంది. రెండుసార్లు మందు ఎక్కించకుండానే ఇంటికి పంపేశారు. మూడోసారీ ఇలాగే వస్తే ఈ మందు ఆపేయాల్సిందేనని, ఇంత బాగా పనిచేసేది ఇంకోటి తన దగ్గర లేదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. పాదాలక్క ఎడమపాదం పడుతుండగా గుమ్మంలో నిలబడి, బయటి మందులేమైనా వాడుతున్నారా అని కూడా అడిగింది.

"మీ మందులే మింగలేక చస్తున్నానమ్మా, మళ్లీ బయటివి కూడానా!" అన్నాడు డ్రైవరు.

ఆ జవాబు పాదాలక్కకి నచ్చలేదు. అవునో కాదో చెప్పకుండా జోకు వేసేవాళ్లని ఆవిడ నమ్మదు. పైగా పక్కన భార్య, చేతిసంచిని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని నిలబడింది. ఆవిడ కుడిచేతి చూపుడువేలు మొదటి కణుపుదాకా, గీత గీసినట్టు, ఆకుపచ్చగా రంగెక్కి ఉంది. మిగతా వేళ్లు శుభ్రంగా ఉన్నాయి. గ్లాసులో పొడి వేసి రోజూ వేలితో తిప్పేవాళ్లకే అలా అవుతుంది.

ఇది పాదాలక్కకి ఏ కోర్సులోనూ నేర్పలేదు. ఒకప్పుడు తన వేలు అలాగే ఉండేది.

ఈ ఉద్యోగానికి ముందు ఆవిడ బ్యూటీపార్లర్లో ఆడవాళ్ల మడమలు గీకేది. చెల్లెలికి రొమ్ములో గడ్డ కనపడింది. పార్లర్‌కి వచ్చే ఒకావిడ చెప్పిన పొడి తెచ్చి, ఎనిమిది నెలలు తనే కలిపి తాగించింది. చివరికి ఆస్పత్రికి తీసుకొస్తే డాక్టరు "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని అరిచాడు. "భయమేసి నేనే ఎవరికీ చెప్పలేదండీ" అంది చెల్లెలు, అక్క వైపు చూడకుండా. ఆ అబద్ధాన్ని అలాగే ఉంచి పోయింది. ఆ ఏడే పాదాలక్క పార్లర్ మానేసి, రోగులకి ఒళ్లు పట్టడం నేర్పే రెండేళ్ల చదువులో చేరింది.

ఇప్పుడు వెళ్లి డాక్టరమ్మ చెవిన వేస్తే పనైపోతుంది. కానీ వీళ్లు కాదంటే కాదంటారు, రేపటినుంచి ఇంట్లో కలుపుకుంటారు. పాదాలక్క డ్రైవరు ఎడమపాదం పూర్తిచేసి, చేతులు తుడుచుకుని లేచింది.

"అదేంటమ్మా, రెండోది?" అన్నాడు డ్రైవరు.

"ఇవాళ ఒక్కటే."

"ఒక్కటేనా? ఒక కాలు హాయిగా, ఒక కాలు మామూలుగా ఉంటే ఎలా నడవను? బండి ఒక పక్కకి లాగేస్తుంది."

"లాగనీ అన్నయ్యా. పొద్దున్నే ఏం తాగుతున్నారో చెబితే రెండోది పడతాను."

"కాఫీ."

"కాఫీ వేలితో కలుపుతారా?"

భార్య వేలు గుప్పిట్లోకి ముడుచుకుపోయింది. డ్రైవరు ఆ గుప్పిటనే చూశాడు.

"నువ్వు పోలీసుల్లో ఉండాల్సినదానివి" అని నవ్వబోయి, ఆపేశాడు. "నేనే తెప్పించుకున్నానమ్మా. స్నేహితుడెవరో చెబితే. దానికేం తెలీదు, దాన్నేమీ అనకు."

ఆ 'నేనే' పాదాలక్క ఇంతకుముందు ఒకసారి విన్నదే. స్టూలుని భార్య వైపు తిప్పుకుని కూర్చుంది.

"మా చెల్లెలికి నేనే కలిపి ఇచ్చాను వదినా. ఎనిమిది నెలలు. నా మీదకి రాకుండా అది కూడా ఇలాగే అబద్ధమాడింది. నేను అక్కడే ఉండి, కాదని ఒక్క మాట అనలేదు."

ఇన్నేళ్లలో ఆ సంగతి ఎవరికైనా చెప్పడం అదే మొదలు.

"ఆకులే కదా అక్కా" అంది భార్య. "ఆకులేం చేస్తాయన్నారు."

"ఏం చేస్తాయో నాకూ తెలీదు. డాక్టరమ్మకి చూపించు."

"మానేశాక ఈయనకేమైనా అయితే?"

"అదీ తెలీదు వదినా" అంది పాదాలక్క.

సంచిలోంచి ఆకుపచ్చ పొడి పోసిన ఒక బిస్కెట్ల డబ్బా బయటికి వచ్చింది. దాన్ని పట్టుకుని భార్య ఒక్కతే వెళ్లింది. పాదాలక్క తలుపు సందులోంచి చూసింది, మెట్ల వైపు తిరుగుతుందా, డాక్టరమ్మ గది వైపా అని. డాక్టరమ్మ గది తలుపు మూసుకున్నాకే వచ్చి కుడిపాదం ఒళ్లోకి తీసుకుంది.

మూడు వారాలకి రిపోర్టు దారికొచ్చింది, మళ్లీ కీమో ఎక్కించారు. పొడి మానేసినందుకేనా అంటే, అయ్యుండొచ్చు అంది డాక్టరమ్మ. వార్డులో మాత్రం ఇంకో మాట పాకింది, పాదాలక్క చెయ్యి పడితే లివర్ బాగవుతుందట. ఆవిడ మంచం మంచానికీ తిరిగి, ఆ మాట ఎవరన్నారో ఆరా తీసి, చివరికి డ్రైవరు ముందు నిలబడింది.

"నేనేనమ్మా" అన్నాడు.

ఈసారి అది నిజమే. పాదాలక్క ఎడమపాదం పట్టి, చేతులు తుడుచుకుని, లేచి వెళ్లిపోయింది.