గోల్ఫ్ గడ్డిలో గునుగు

మేము ఈ ఇంట్లోకి వచ్చింది మాఘ శుద్ధ పంచమి నాడు. ఇప్పటికి నాలుగేళ్ల తొమ్మిది నెలలు. మహదేవపూర్ దాటి అడవి రోడ్డులో ఏడు కిలోమీటర్లు లోపలికి వస్తే, గోదావరి ఒడ్డున నలభై ఆరు ఇళ్లు, వాటి ముందు తొమ్మిది గుంతల గోల్ఫ్ మైదానం, చుట్టూ నిలువెత్తు గోడ. ఉప్పు ప్యాకెట్ కావాలన్నా కారు తీయాలి. పెద్ద గేటు దగ్గర పేరు, పని రాయకుండా మనిషిని లోపలికి పంపరు.

మా ఆయన కేసముద్రం మార్కెట్లో నలభై ఒక్క ఏళ్లు ధాన్యం అడ్తి దుకాణం నడిపారు. గోనె సంచుల దుమ్ము, పత్తి నూగు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడితే, లారీలు లేని చోటికి పొమ్మన్నాడు డాక్టరు. అలా వచ్చాం. వచ్చిన మూడో నెలకే ఆయన తెల్ల టోపీ పెట్టుకుని గోల్ఫ్ కర్ర పట్టారు. నేను జనగామలో బట్టల దుకాణం ఇంట్లో పుట్టినదాన్ని, పలక కన్నా ముందు గజంబద్ద పట్టినదాన్ని. నాకు లెక్క లేకుండా రోజు గడవదు. పొద్దున్నే నది ఏ మెట్టు మీద ఉందో చూసి, తిథితో సహా నోటుబుక్కులో రాసుకుంటాను.

ఆ మెట్ల కోసమే నేను ఈ ఇంటికి ఒప్పుకున్నాను. మైదానం వెనక నది వైపు ఒక ఇనుప గేటు ఉంది. అది దాటితే ఇరవై మూడు రాతి మెట్లు. ఈ ఇళ్లు కట్టకముందు అది పక్క ఊరి రేవు. భూమి తీసుకున్నప్పుడు, బతుకమ్మ తొమ్మిది రోజులూ గేటు తెరిచి ఉంచుతామని ఆ ఊరివాళ్లకు మాటిచ్చారు. నాకూ అదే మాట చెప్పారు. తొమ్మిదో ఏట నుంచి నేను బతుకమ్మ పేరుస్తున్నాను, అప్పటికి ఒక్క ఏడూ తప్పలేదు. జ్వరంతో పేర్చాను, కాన్పయిన ఇరవయ్యో రోజున కూర్చుని పేర్చాను. మొదటి రెండేళ్లూ ఈ రేవులోనే సాగనంపాను. ఊరి ఆడవాళ్లూ మేమూ కలిసి ఆడాం, సత్తుపిండి పంచుకున్నాం.

మూడో ఏడు గేటుకు తాళం పడింది.

కారణం మోటరు. గడ్డికి నీళ్లు తోడే మోటరు పైపు రేవు పక్కనే నదిలో ఉంది. అంతకు ముందటి పండుగ పూలు దాని జల్లెడలో ఇరుక్కుని రెండు రోజులు నీళ్లు ఆగాయట, గడ్డి వాడిందట. పైపును పది గజాలు ఎగువకు జరిపితే తీరే పని. కాలనీ కమిటీ అధ్యక్షుడు దానికి బదులు గేటు మూయించాడు. ఆయన దేశమంతా తిరిగి ఉద్యోగం చేసి, విశ్రాంతి కోసం ఇక్కడికి వచ్చిన పెద్దమనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, మెల్లని మాట.

మీటింగులో నేను లేచి నిలబడ్డాను. "గంగ ఉండంగ బతుకమ్మను ఏడ సాగదోలాలె? గట్ల ఎట్ల మూసేస్తరు?" అన్నాను.

ఆయన నవ్వాడు. "గట్ల ఎట్ల అంటే ఏమిటండీ అమ్మగారూ? కాస్త తెలుగులో చెబితే మేమూ అర్థం చేసుకుంటాం."

పదకొండు మంది నవ్వారు. లెక్కపెట్టాను. అందులో మా ఆయన ఒకరు. తర్వాత అడిగితే, అందరూ నవ్వుతుంటే నా మొహం సుత అట్లనే అయిందే అన్నారు. ఆ ఏడు పండుగ చివరి రోజు, సద్దుల్లో, ఆయనకు సత్తుపిండి పెట్టలేదు. పెరుగన్నంతో సరిపెట్టాను.

నదికి బదులుగా క్లబ్బు ఇంటి ముందు ఒక నీలం ప్లాస్టిక్ టబ్బు పెట్టారు, పిల్లలు ఎండాకాలం ఆడుకునేది. దాని మీద చేప బొమ్మలున్నాయి. పండుగ నాటికి ఏదో ఒకటి అనుకుని నేను అందులోనే వదిలాను. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి చెత్త ట్రాక్టర్ మా ఇంటి ముందు ఆగింది. నేను తడి చెత్త బకెట్టు పట్టుకుని వెళ్లాను. ట్రక్కులో నా బతుకమ్మ తలకిందులుగా పడి ఉంది. అడుగున పరిచిన గుమ్మడాకు పైకి తేలింది, దాని మీద ఎవరింటివో కోడిగుడ్డు పెంకులు. నా చేతిలో బకెట్టు అందులో ఒంపలేకపోయాను. తిరిగి ఇంట్లోకి తెచ్చుకున్నాను.

ఆ రోజు నోటుబుక్కులో నది మెట్టు రాశాను, కింద ఒకే మాట రాశాను: టబ్బు. గేటు తెరిపించాలి, ఆ అధ్యక్షుడి చేత్తోనే తెరిపించాలి అని ఆ పూటే అనుకున్నాను. పగ అంటే పెద్దవాళ్లకు తగదంటారు. నాకు తగింది. ఒంట్లోకి ఓపిక వచ్చింది.

కార్తీకంలో కేసముద్రం వెళ్లాం, చుట్టాలింటికి. వాళ్ల మక్కజొన్న చేను గట్టు నిండా గునుగు ఎండి నిలబడి ఉంది. బతుకమ్మకు తంగేడు ఎంతో గునుగూ అంతే; కానీ రైతుకు అది కలుపు. ఒకసారి గింజ రాలిందా, ఏళ్ల తరబడి ఆ చేను వదలదు. నేను ఎండిన కంకులు కోసి చీర కొంగులో కట్టుకున్నాను. ఇంటికి వచ్చాక ఒక్క కంకిని స్టీలు పళ్లెంలో దులిపి, సూది మొనతో గింజలు లెక్కపెట్టాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. పదకొండు వందల నలభై రెండు. నల్లగా, ఆవగింజకన్నా చిన్నగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. మొత్తం గింజ ఒక గాజు సీసాకు నిండుగా వచ్చింది. దాన్ని మెంతుల పక్కన పెట్టాను.

మైదానం చివర, నది గోడ వెంట నడక దారి ఉంది. దానికీ ఆట జరిగే గడ్డికీ మధ్య మోకాలెత్తు గడ్డి వదిలేస్తారు, అందం కోసం. మిషను అక్కడ తిరగదు. ఆ దారి నా అడుగుల్లో పద్నాలుగు వందల అరవై. ఇరవై అడుగులకు ఒక చిటికెడు, రోజుకు డెబ్బై మూడు చిటికెలు. మృగశిర కార్తెలో తొలి వాన పడిన మర్నాడు మొదలుపెట్టి ఇరవై రెండు రోజులు చల్లాను. పదహారు వందల ఆరు చిటికెలు. అధ్యక్షుడు ఎదురుపడ్డప్పుడల్లా నమస్కారం పెట్టేవాడు. నా పిడికిలి మూసి ఉండేది కాబట్టి నేను తల మాత్రం ఊపేదాన్ని. ఒకరోజు నా క్రమశిక్షణను మెచ్చుకున్నాడు, ఈ వయసులో ఒక్క పొద్దు కూడా తప్పట్లేదని.

పొట్టి గడ్డి మీద పడ్డవి మిషను కింద పోయాయి. పొడుగు గడ్డిలో పడ్డవి శ్రావణంలో తల ఎత్తాయి. అక్కడ కలుపు తీసేది పక్క ఊరి ఆడవాళ్లే. వాళ్లకు పెద్దగా ఉండే ఆమె యాభై దాటిన మనిషి, రేవులో నాతో రెండేళ్లు ఆడినామె. ఒక పొద్దున గోడ పక్కన నన్ను ఆపింది.

"అవ్వా, గీ గడ్డిల గునుగు మొలుస్తున్నది. పీకుమంటవా?"

"నన్నడుగుతవేందే? మీ సారునడుగు."

"అడిగిన. తలకాయ అటూ ఇటూ తిప్పి చూసిండు. పువ్వు మంచిగ ఊగుతున్నది, ఉంచుమన్నడు. పేరేందన్నడు. మర్చిపోయిన సార్ అన్న."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆమె పార ఎత్తుకుని వెళ్లింది, నేను మిగిలిన మూడు వందల అడుగులు నడిచాను.

పల్లెలో పుట్టి ఒక్క వానాకాలం చేనులో నడిచినవాడెవడూ ఆ మాట అనడు. ఆయనకు అది పువ్వు, అంతే. భాద్రపదంలో వెండి రంగు కంకులు, కొసన గులాబీ, గాలికి ఊగుతుంటే ఫోటో తీసి కాలనీ గ్రూపులో పెట్టాడు, మన మైదానానికి ప్రకృతి ఇచ్చిన బహుమతి అని. మా ఆయన ఫోను నా ముందు పెట్టి, మనూరి గునుగు లెక్కనే ఉన్నది కదే అన్నారు. ఉంటుంది అన్నాను.

ఆ ఏడూ గేటు మూసే ఉంది. టబ్బు మళ్లీ వచ్చింది. నేను బతుకమ్మ పేర్చలేదు. అరవై రెండేళ్ల వరుస అక్కడ తెగింది. కారులో వేరే రేవుకు పోదామని మా ఆయన మూడుసార్లు అన్నారు. వెనక నది పెట్టుకుని ఇంకో నదికి ఎందుకు పోవాలి? సద్దుల నాడు గోడకవతల నుంచి ఊరి ఆడవాళ్ల పాట వినిపించింది. వాళ్లు పొలాల మీదుగా మూడు కిలోమీటర్లు తిరిగి పోతున్నారు. నేను తలుపు వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరాను. పువ్వులు కోసేవాళ్లు లేక గునుగు నిండుగా ఎండింది. గింజ రాలింది. ఇక నేను చల్లాల్సిన పని లేదు.

పోయిన వానాకాలం ఏమైందో నలభై ఆరు ఇళ్లూ చూశాయి. పొడుగు గడ్డి లేదు, అంతా గునుగే. ఆట దారి అంచుల్లోకి, ఇసుక గుంతల్లోకి పాకింది. బంతి అందులో పడితే దొరకదు. అధ్యక్షుడు మందు కొట్టించాడు. గునుగు సగం చచ్చింది, దాని పక్కన గడ్డి మొత్తం పసుపుబారి, ఆపైన ఎర్రబడి పోయింది. దసరా తర్వాతి ఆదివారం పట్నం నుంచి ఆటగాళ్లను పిలిచి పోటీ పెట్టుకున్నాడు. ఇక చేత్తో పీకించడమే మిగిలింది.

కలుపు ఆడవాళ్లు పీకేది లేదన్నారు. ఆ పెద్దామె చెప్పిన మాట క్లబ్బు వరండాలో అందరూ విన్నారు. "పండుగ ముంగట గునుగు పీకి చెత్తల పారెయ్యం సార్. కావాలంటే మా ఊరోళ్లందరం గంపలు తెచ్చుకుంటం. పువ్వు కోస్తం, బతుకమ్మ పేరుస్తం, గంగల కలుపుతం. పండుగెల్లినంక కట్టె పీకుతం. గేటు తియ్యకుంటె ఈ ముచ్చటే లేదు." వేరే ఊళ్ల నుంచి కూలీలను తెద్దామని చూశాడు. ఆ ఊళ్లలోనూ ఆడవాళ్లే కదా ఉండేది.

సద్దులకు రెండు రోజుల ముందు, పొద్దున పదిన్నరకు ఆయన మా ఇంటికి వచ్చాడు. నాలుగున్నరేళ్లలో అదే మొదటిసారి. మంచినీళ్లిచ్చాను. నేను ఒక మాట చెబితే వాళ్లు వింటారని విన్నానన్నాడు. నేను ఏం చెప్పాలని అడిగాను. గేటు తీయిస్తానన్నాడు, ఈ ఒక్కసారికి.

"ఒక్కసారికైతే ఒక్క పువ్వు కోస్తరు," అన్నాను.

ఆయన నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. ఏటా తొమ్మిది రోజులు అన్నాడు. కాగితం మీద రాయమన్నాను. రాశాడు. తారీఖు వేయమన్నాను, వేశాడు. మోటరు పైపు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"ఇంకేమైనా ఉందా అమ్మగారూ?"

"ఉన్నది. ఆ నీలం టబ్బు చెత్త బండిల పొయ్యాలె. మీ చేత్తోనె ఎయ్యాలె."

"టబ్బా? దాన్ని పిల్లలకిద్దామండీ, బాగానే ఉంది కదా?"

"నా బతుకమ్మ సుత బాగనే ఉండె."

ఆయన అర్థం కానట్టు చూశాడు. నిజంగానే అర్థం కాలేదేమో, ఆ చెత్త ట్రక్కు ఆయన చూసి ఉండడు. అయినా నేను విడమరిచి చెప్పలేదు. తెలుగులోనే అన్నానని మాత్రం చెప్పాను. మర్నాడు ఎనిమిదింటికి ట్రాక్టర్ క్లబ్బు ముందు ఆగినప్పుడు, ఇస్త్రీ చొక్కాతో టబ్బును రెండు చేతులా ఎత్తి ట్రక్కులో వేశాడు. చేప బొమ్మలు పైకే ఉన్నాయి. నేను రోడ్డవతల చేతికర్ర ఊతంగా నిలబడి, బండి మలుపు తిరిగే దాకా చూశాను.

సద్దుల బతుకమ్మ నాడు పక్క ఊరి నుంచి ఎనభై నాలుగు మంది గంపలతో పెద్ద గేటులోంచి వచ్చారు. ఎవరి పేరూ నేను రాయనివ్వలేదు. మధ్యాహ్నానికి మైదానంలో తెల్ల పువ్వు లేదు. కొందరు గునుగుకు రంగులద్దారు, కొందరు తెల్లగానే పేర్చారు. నా బతుకమ్మ నా మోచేయి ఎత్తు వచ్చింది. పొద్దు వాలే వేళకు అధ్యక్షుడు తాళంచెవితో నది గేటు దగ్గర నిలబడ్డాడు. తాళం తుప్పు పట్టింది, మూడుసార్లు తిప్పాడు. ఎవరో నూనె తెస్తామంటే నేనే వద్దన్నాను. నాలుగోసారికి తెరుచుకుంది. చేయి చాచి నాకు శుభాకాంక్షలు చెప్పాడు. నా రెండు చేతుల్లో బతుకమ్మ ఉన్న సిబ్బి ఉంది. లేకపోయినా ఇచ్చేదాన్ని కాదు. నది పద్నాలుగో మెట్టు మీద ఉంది. అరవై మూడో బతుకమ్మను అక్కడ వదిలాను. నీళ్లు దాన్ని మెల్లగా తిప్పి మోటరు పైపు వైపే తీసుకెళ్లాయి.

రెండు రోజులకు మోటరు ఆగింది. పోటీకి వచ్చినవాళ్లు వాడిన గడ్డి మీద ఆడారు. ఆ తర్వాతి వారమే పైపును పది గజాలు ఎగువకు జరిపారు.

మా ఆయన మెంతుల కోసం వెతుకుతూ గాజు సీసా దింపారు. మూత తీసి చూశారు, గింజ ఒకటి వేలి మీద పెట్టుకుని చూశారు. నలభై ఒక్క ఏళ్లు ధాన్యం చూసిన కన్ను అది.

"నా బంతులు పదిహేడు పోయినయే గా గునుగుల," అన్నారు.

"పందొమ్మిది," అన్నాను. దొరికినవాటిని తారీఖు వేసి పెట్టెలో దాచాను. ఆ రోజు మీటింగులో నవ్వినందుకు అవి ఇంకా ఇవ్వలేదు.

గునుగు కట్టె పీకేటప్పుడు ఆడవాళ్లు మిగిలిన కంకులన్నీ అక్కడే దులిపారని ఆ పెద్దామె వచ్చి చెప్పింది. సీసాలో ఇంకా నాలుగు వేళ్ల ఎత్తు గింజ ఉంది. కాగితం నా నోటుబుక్కులోనే ఉంది, తారీఖుతో సహా. దాని మీద మాట తప్పితే మృగశిర ఏటా వస్తుంది.