పిట్టకు పెట్టిన విస్తరి

లలితకుమారి కోనసీమలో పుట్టి, భర్త శ్రీనివాసరావు ఉద్యోగరీత్యా దూలపల్లి కొత్త కాలనీకి కాపురం వచ్చిన ఇల్లాలు. వంటలో సాక్షాత్తు అన్నపూర్ణ. మాటలో మాత్రం మౌనవ్రతం. కాలనీ స్త్రీలు తాము వండినవాటి ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, ఒకరినొకరు ఆంగ్లంలో మెచ్చుకొంటుంటే చూసి ఊరుకొనేది. ఊళ్ళో గేదెలున్న అంజయ్యగారి ఇంటికి పాలకు వెళ్ళినప్పుడు, ఆయన మనుమరాలు రక్షిత ఆ మౌనాన్ని భగ్నం చేసింది.

"లుక్స్ డెలిషస్ అంటే నోరూరుతాందని. సేవ్ ఎ ప్లేట్ ఫర్ మి అంటే నాకో పళ్ళెం ఉంచుమని. అయామ్ కమింగ్ అంటే వస్తున్న అని. ఫోటో కనబడంగనే మూడూ కొట్టెయ్ ఆంటీ. ఆలోచిస్తే పాతబడిపోతది!"

లలితకుమారి గురువాక్యాన్ని శిరసావహించింది. కాలనీలో ఎవరు ఉప్మా పెట్టినా మూడు వాక్యాలూ వరుసగా పడేవి.

పుట్టింట ఒక పక్షం గడిపి తిరిగివచ్చిన ఉదయం, సంచులైనా విప్పకుండా ఫోన్ తెరిచింది. రక్షిత పెట్టిన ఫోటో: మోదుగ విస్తట్లో బగారన్నం, మాంసం కూర, గారెలు, పక్కన చిన్న ముంతలో కల్లు. తాతకు ఇష్టమైనవి అని కింద ఆంగ్లంలో రాసి ఉంది. పెద్దాయన పుట్టినరోజు కాబోలనుకొని, మూడు వాక్యాలూ తడుముకోకుండా రాసి, గర్వంగా భర్తకు చూపింది.

ఆయన ముఖం పాలిపోయింది. "ఎంత పని చేశావే! అంజయ్యగారు పోయారు. నువ్వు ఊళ్ళో లేనప్పుడు. ఫోన్‌లో చెబుదామనుకొని మరిచాను. ఈ రోజు వాళ్ళు పిట్టకు పెడుతున్నారు."

పోయినవారికి ప్రీతికరమైనవన్నీ వండి వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఎదురుచూడడం అక్కడివారి ఆచారం. ప్రేతానికి పెట్టిన విస్తట్లో తనకు వాటా అడిగింది! పైగా వస్తున్నానంది! ఎక్కడికి?

లలితకుమారి ఫోన్ లాక్కొంది. గబగబా ఆ రాత తుడిచివేసింది. తెరమీద చెరిగింది సరే, తథాస్తు దేవతల చెవిన పడినది చెరుగుతుందా? దేవుడి ముందు దీపం పెట్టబోతే అగ్గిపుల్ల ఆరిపోయింది. అది కిటికీ గాలివల్లనని బుద్ధికి తెలుసు, మనసు ఒప్పుకోలేదు. పక్కింటి డాబామీద కాకి అరిస్తే గబుక్కున కిటికీ మూసేసింది.

అంతలో ఫోన్ మోగింది. "ఆంటీ, నువ్వు రాసింది తుడుపకముందే అందరం చూసినం. జల్దీ రా. అవ్వ పిలుస్తాంది." రక్షిత గొంతులో నవ్వు లేదు.

ఆ ఇంటి వాకిట్లో పదిమంది మెడలెత్తి ఆకాశంలోకి చూస్తున్నారు. గోడమీద విస్తరి చెక్కుచెదరకుండా ఉంది. కూరమీద కొవ్వు పేరుకొన్నది. అంజయ్య చెల్లెలు ఐలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"సచ్చినోని బువ్వల వాటా అడిగిన దొరసాని గీమెనేనా? ఈమె అడిగిన కాడికెల్లి పిట్ట ఇటు మర్లుతలేదు!"

"తెలియక అన్నానండీ... క్షమించండి..." లలితకుమారి చేతులు జోడించింది.

అరుగుమీద కూర్చున్న సత్యమ్మ, అంజయ్య భార్య, చెయ్యి చాపింది. "గట్ల భయపడకు బిడ్డా. ఇటు రా. ఆకలైతాందన్నోళ్ళను కూసోబెట్టి, ఆళ్ళు లేసినంకనే మా ఆయన తిన్నడు, బతికినన్నాళ్ళు. వస్తున్న అన్నవు, రాకపోతివి. నీ కోసం ఆగిండేమో. రక్షితా, ఆంటీకి విస్తరెయ్యి."

"నేనా? ఇప్పుడా?"

"ఇంకెవలు?" అంది ఐలమ్మ.

కాదంటే పిట్ట రాకపోయిన పాపం తనది. తింటే, అడిగిన వాటా స్వీకరించినట్లే. లలితకుమారికి ఇష్టదైవం పేరు కూడా గుర్తుకు రాలేదు. కన్నులు మూసుకొని ముద్ద కలిపి నోట పెట్టుకొంది. రక్షిత నీళ్ళందించింది. రెండో ముద్ద. మూడో ముద్ద.

తలపైన రెక్కల చప్పుడైంది. ఆమె తలెత్తలేదు.

"ముట్టింది!" అని ఎవరో కేకవేశారు. సత్యమ్మ కొంగు నోటికి అడ్డుపెట్టుకొని భోరుమంది.

లలితకుమారి లేవబోయింది. ఐలమ్మ భుజం పట్టి కూర్చోబెట్టి, విస్తట్లో మరో గారె పడేసింది.

"సగంల లేవకు. అడిగినవు గద, తిను!"

ఆమె మళ్ళీ కన్నులు మూసుకొని గారె తుంచింది.