గంట ఆగమన్న లైను

మా ఆయన పోయిన ఆరు నెలలకు, గుంటూరు శివార్లలోని కోల్డ్ స్టోరేజీ యజమాని నాకు ఫోన్ చేశారు. అక్కడి కంప్యూటర్ పని పదకొండేళ్లు మా ఆయనే చూశారు. మిరపకాయలు నిలవచేసే గదుల్లో చలి తగ్గితే అలారం మోగించే షెల్ స్క్రిప్టులు, అంటే చిన్న ప్రోగ్రాములు, ఆయన రాసినవే. ఇప్పుడు మంగళగిరి నుంచి ఒక ఇంజనీరమ్మాయి వాటి స్థానంలో కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చిందట. నేను కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను కాబట్టి, ఒకసారి చూసి పాతవి తీసేయొచ్చో లేదో చెప్పమన్నారు.

ఆ కొత్తదాంట్లో షెల్, పైథాన్ అనే రెండు కంప్యూటర్ భాషలు ఒకే ఫైల్లో కలిసి ఉంటాయి. ఒక లైను పైథాన్, దాని కిందే షెల్. ఆ అమ్మాయి ఓపిగ్గా చూపించింది. ఆయన నాలుగు ఫైళ్లలో రాసింది ఒక పేజీలోకి వచ్చింది. చదవడానికి హాయిగానే ఉంది. అయినా నేను ప్రశ్నలు వేస్తూనే ఉన్నాను. తప్పు వస్తే ఏ భాషలో వచ్చిందో ఎలా తెలుస్తుంది? తయారుచేసినవాళ్లు రేపు దీన్ని వదిలేస్తే? రెండు భాషలూ వచ్చినవాళ్లు ఇక్కడ ఎవరున్నారు? ఆమె కొన్నింటికి జవాబు చెప్పింది, కొన్నింటికి తెలియదంది. అలా అన్నందుకు ఆమె మీద గౌరవం కలిగింది. నా ప్రశ్నలు సరైనవే. కానీ వాటిలో సగం సాఫ్ట్‌వేర్ గురించి కావని నాకు తెలుసు. ఆ ఫైళ్లు తీసేస్తే ఆయన చేతి పని అక్కడ ఏమీ మిగలదు.

ముందు ఒక్క గదికి పెట్టి చూద్దామన్నాను. మర్నాడు పొద్దున నేను ఆఫీసులో ఉండగానే అలారం మోగింది. మేనేజరు పరుగున వెళ్లి గది తలుపు వేయించారు. లోపల ముఠా కూలీలు మిరపకాయల టిక్కీ బస్తాలు మోస్తున్నారు. కాసేపటికి ముఠా మేస్త్రి దగ్గుతూ, తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏందమ్మా ఇది? తలుపేసి మొయ్యమంటే మేమూ ఎండు మిరగాయలమైపోతాం. పొద్దున్నే ఘాటు పోయిందాకా తలుపు తీసే ఉంచుతాంగా.”

ఇదివరకు అలారం మోగేది కాదా అని అడిగాను.

“సారు పెట్టింది పొద్దున్నే ఎక్కడ మోగింది? ఒకసారి మాతోపాటు లోపలికొచ్చారు. దగ్గలేక బయటపడ్డారు. మావోళ్లు వారం నవ్వారు. ఆ తర్వాత్నుంచి తలుపు తీసినా గంట దాకా అది నోరెత్తేది కాదు.”

నేనూ ఆ అమ్మాయీ పాత ఫైలు తెరిచాం. పొద్దున పూట చలి తగ్గితే వెంటనే మోగకుండా, 3600 సెకన్లు, అంటే గంటసేపు, ఆగి మళ్లీ చూడమనే లైను ఉంది. ఎందుకో పక్కన ఒక్క మాట రాయలేదు. పరీక్ష కోసం పెట్టి మరిచిపోయారనుకుని తీసేశానని ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. నేనైనా అలాగే అనుకునేదాన్ని. కారణం రాయని లైనుకు నా విద్యార్థులకు మార్కులు తగ్గిస్తాను. ఆయనకు రాయాలని తోచి ఉండదు. అక్కడ అందరికీ తెలిసిన సంగతే కదా.

ఆయన ఒకరోజు చొక్కా వాకిట్లోనే విప్పి లోపలికి రావడం, రెండు రోజులు దగ్గుతూ తిరగడం గుర్తొచ్చాయి. ఏమైందంటే దుమ్ము అన్నారు. మందు తెచ్చిచ్చాను. ఇంకేమీ అడగలేదు.

ఆ లైను చేర్చాక పాతవి తీసేయొచ్చని యజమానికి చెప్పాను. దాన్ని షెల్‌లో పెట్టమంటారా, పైథాన్‌లోనా అని ఆ అమ్మాయి అడిగింది. ఏదైనా ఒకటే అన్నాను. దాని పైన కారణం మాత్రం నేనే తెలుగులో టైపు చేశాను: లోపల మనుషులు పనిచేస్తుంటారు. ఘాటు పోయేదాకా తలుపు తీసి ఉంటుంది. గంట ఆగాలి.

మర్నాడు ఆ గంటసేపూ గది తలుపు దగ్గరే నిలబడ్డాను. నాకూ దగ్గు వచ్చింది. అలారం మోగలేదు.