మేనత్తగా పుట్టినందుకు

మా ఇంట్లో పదహారేళ్ల పాటు నన్ను నన్నుగా ఎవరూ చూడలేదు. చచ్చిపోయిన మా మేనత్తగానే చూశారు. కోయిలకుంట్ల దగ్గర నల్లరేగడి పల్లె మాది. మా నాయన చెల్లెల్ని పక్క ఊరికే ఇచ్చారు. పెళ్లయిన కొన్నేళ్లకు ఆమె మొగుడి చేలో దిగుడుబావిలో శవమై తేలింది. కాలు జారిందన్నాడు మొగుడు. అవును, కాలే జారిందన్నారు మావాళ్లు. ఆయన ఒంటిమిట్ట తిరనాళ్లకు పోయి గుండు కొట్టించుకుని వచ్చాడు. దాంతో అందరి మనసులూ కుదుటపడ్డాయి.

మావైపు ముత్తైదువగా పోయిన ఆడబిడ్డను పేరంటాలని పిలిచి ఇంటి దేవతగా నిలుపుకుంటారు. చేను గట్టున రాయి పాతి, పసుపు పూసి, ఏటేటా కోక పెడతారు. ఆమె ఇంటిని కాచుకుని ఉంటుందని నమ్మకం. ఇంకొకటి కూడా చేస్తారు. పాడె ఎత్తే ముందు శవానికి చెవి వెనక మసి బొట్టు పెడతారు, ఇంట్లోనే మళ్లీ పుడితే గుర్తుపట్టడానికట. మా అత్తకు ఎడమ చెవి వెనక పెట్టింది అవ్వ. మరుసటి ఏడు నేను పుట్టాను. నా ఖర్మ కొద్దీ సరిగ్గా అక్కడే పుట్టుమచ్చ ఉంది.

ఇంకేం! కన్నతల్లి నామీద చెయ్యెత్తడానికి జంకేది. నాయన నా ఎదుట చేతులు కట్టుకుని నిలబడేవాడు. విత్తనం వేయాలన్నా, ఎద్దును అమ్మాలన్నా అవ్వ నన్ను పీట మీద కూర్చోబెట్టి అడిగేది. నేను నోటికొచ్చింది చెప్పేదాన్ని. ఒక ఏడు నా మాట విని జొన్న వేశారు. వాన మొహం చాటేసింది, చేను నిలువునా ఎండింది. పేరంటాలమ్మకు కోపమొచ్చిందన్నారే గాని, చిన్నపిల్లకేం తెలుసని ఒక్కరూ అనలేదు. గట్టు మీద రాయికొక కోక, ఇంట్లో నాకొక కోక. దేవత ఒక్కతే అయితే రెండు కోకలెందుకని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మావాళ్ల తెలివి తెల్లారినట్టే ఉండేది.

ఒకసారి నేనే అడిగాను, బాగా చిన్నప్పుడు. "అవ్వా, నేనెట్ల చచ్చిపోతి?"

రొట్టె తడుతున్న అవ్వ చెయ్యి ఆగిపోయింది. "అట్లాంటివి అడగగూడదు తల్లీ" అని లేచి పెరట్లోకి పోయింది. పెనం మీది రొట్టె మాడిపోయింది.

ఉప్పు గొడవ దేశమంతా పాకిన రోజుల్లో కర్నూలు నుంచి ఖద్దరు కట్టిన ఆడవాళ్లు మా పల్లెలకు వచ్చారు, సారాయంగళ్ల ముందు కూర్చుని తాగేవాళ్లను ఆపడానికి. వాళ్లకు పెద్ద ఒక బాలవితంతువు. అందరికీ అక్క. ఆమె మా ఇంట్లోనే దిగింది. ఆమెకూ ఒక కాపలా ఉండేదట.

"నా ముందర మా చెల్లెలు నడుస్తాంటాది మే. అది పోయి శానా ఏండ్లాయ. లాఠీ లేస్తే అడ్డం నిలబడ్తాది" అనేది.

ఆమె వీపు రుద్దేటప్పుడు చూశాను, నల్లటి లాఠీ వాతలు. "మరి ఆ పొద్దు చెల్లెలు రాలేదా అక్కా?" అన్నాను.

"వచ్చింది గాబట్టే బతికి ఉండా" అని పకపకా నవ్వింది. ఆ నవ్వుకే నేను పడిపోయాను. ఆమె వెంట ఎక్కడికైనా పోవాలనిపించింది.

మా ఊరి సారాయంగడిని వేలం పాటలో పాడుకున్నది ఎవరనుకున్నారు? చచ్చిపోయిన అత్త మొగుడే. అంటే మా మామ. అక్కావాళ్లు అంగడి ముందు కూర్చుంటే తాగుబోతులు బూతులు తిట్టారు, పేడ చల్లారు. నాకు ఒళ్లు మండి, నేనూ పోయి వాళ్ల పక్కన కూర్చున్నాను. అంతే, అంతవరకూ ఎగిరెగిరి పడ్డ మగవాళ్లంతా కిక్కురుమనకుండా వెనక్కి తగ్గారు. మామ కట్టె పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. నన్ను చూసి కట్టె కింద పడేశాడు. దుమ్ములో సాగిలబడి, "నువ్వే వస్తివా తల్లీ!" అని, లేచి అంగడికి తాళం వేశాడు. అక్క నన్ను వాటేసుకుని ఏడ్చింది. ఇదంతా నా ఘనతే అనుకుని పొంగిపోయాను నేను, నా మొహం!

కొన్నాళ్లకు అదే మామ తట్టలో కోక, టెంకాయలు పెట్టుకుని మా వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి.

"మీ బిడ్డ అంగడి మూయమంటే మూస్తి. నా పెండ్లాం నా కోసరమే తిరిగొచ్చింది. నన్ను చూడాలనే అంగడి కాడికి వచ్చింది. దాన్ని నాకు పంపీండి" అన్నాడు.

మావాళ్లు తిట్టి తరిమేస్తారనుకున్నాను. ఏం చేశారో తెలుసా? సవతి బిళ్ల గురించి వాదించుకున్నారు! మావైపు రెండో పెళ్లి చేసుకునేవాడు, పోయిన మొదటి పెళ్లాం పేరు మీద చిన్న బంగారు బిళ్ల చేయించి కొత్తదాని మెడలో కట్టాలి. లేకపోతే చచ్చినామె వచ్చి పీడిస్తుందని భయం.

"ఆమే ఈమె అయినప్పుడు బిళ్ల ఎవురికప్పా?" అన్నాడు ఒక పెద్దాయన.

"తనకు తానే సవతి ఎట్లయితాది?" అన్నాడు ఇంకొకాయన.

"కట్టేస్తే ఏం పోయె? బంగారమే గదా, యాడికీ పోదు" అన్నాడు మా నాయన.

పొద్దుగూకే దాకా అదే రచ్చ. వినలేక నేను గడప దాటి వచ్చి, "నాకీ పెండ్లి వద్దు" అన్నాను.

నాయన నా వైపు చూడను కూడా చూడలేదు. "అది పిల్ల మాట. పేరంటాలు మాట గాదు" అన్నాడు.

"మరి అంగడి కాడ కూర్చున్నది ఎవురు?"

"అది పేరంటాలు."

చూశారా? ఊరికి పనికొచ్చేది దేవత చేసిందట, నాకు పనికొచ్చేది పిల్ల వాగిందట. అక్క దగ్గరికి పరుగెత్తాను. ఆమె నా తల నిమిరింది.

"నువ్వు కాదంటే అంగడి మళ్లా తెరుస్తాడు మే. ఎన్ని కొంపలు మునుగుతాయో చూడు. నీకేం భయం? నువ్వు దేవతవని నమ్మినోడు, నీ మీద చెయ్యేస్తాడా?" అంది.

లాఠీకి జంకని మనిషి, నన్ను సారాయంగడి తాళానికి బదులు ఇమ్మంటోంది. ఆమె మీద ఆ కోపం నాకు ఈ రోజుకీ చల్లారలేదు.

నిశ్చితార్థం పేరంటాలు రాయి దగ్గర పెట్టుకున్నారు, ఆమె ఎదుటే తాంబూలాలు మార్చుకోవాలని. పిల్ల మాట చెల్లదన్నారు కదా, సరే, చెల్లే నోటితోనే మాట్లాడదామనుకున్నాను. జడ విప్పుకుని రాయి ముందు కూర్చున్నాను. పూనకం లేదు, గీనకం లేదు. తల గిరగిరా తిప్పాను, అంతే. ఆడవాళ్లు "అమ్మ వచ్చింది, అమ్మ వచ్చింది" అని కేకలు పెట్టారు.

"నా కాలు జారలేదు. వీడే జుట్టు పట్టుకుని ఈడ్చకపోయి బావిలోకి తోసినాడు" అన్నాను.

అది నేను కల్పించిందే. నాకెవరూ చెప్పలేదు, నేను చూడలేదు. కానీ మామ మొహంలో నెత్తురు చుక్క లేదు. మా నాయన లేచి వాడి గొంతు పట్టుకుంటాడని కాచుకుని ఉన్నాను. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. అవ్వ ఒక్కతే లేచి నా దగ్గరికి వచ్చింది.

"తెలుసు తల్లీ" అంది.

ఏం తెలుసన్నాను.

"ఆ పొద్దు తెల్లారగట్ల నువ్వొచ్చి తలుపు తట్టినప్పుడే తెలుసు. చంపుతాడమ్మా, ఈడనే ఉంటానని ఏడిస్తివి. అలిగొచ్చిన బిడ్డను ఇంట్లో పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారని నేనే తిరగ పంపిస్తి. మీ అన్నే తోడొచ్చి నీ మొగుని వాకిట్లో దిగబెట్టె. అందుకే గదమ్మా నీకు రాయి పెట్టింది."

ఇన్నేళ్లూ వాళ్లు నా ఎదుట చేతులు కట్టుకున్నది భక్తితో కాదు, భయంతో. అవ్వ నా పాదాల మీద తల పెట్టింది. "క్షమించినానని ఒక్క మాట చెప్పు తల్లీ!" అని బావురుమంది. చుట్టూ అందరూ దండాలు పెడుతున్నారు. సిగ్గులేని మామ కూడా.

"ఈసారీ పంపిస్తారా?" అన్నాను.

"లేదు తల్లీ, లేదు" అంది అవ్వ.

పెళ్లి ఆగింది. నేను వద్దన్నందుకు కాదు, చచ్చినామె వద్దన్నందుకు. మామ తట్ట ఎత్తుకుని పోయాడు, మర్నాడే అంగడి తెరిచాడు. అక్క చాలాకాలం నాతో మాట్లాడలేదు. అయినా నేను కర్నూలు పోయి ఆ ఖద్దరువాళ్లలోనే చేరాను. జెండా పట్టాను, జైలుకు పోయాను. నీ వెనక పేరంటాలు ఉండాది, నీకేమీ కాదని జైల్లో తోటి ఆడవాళ్లు నాకు దండం పెట్టేవాళ్లు. వాదించే ఓపిక లేక ఊరుకునేదాన్ని.

తెల్లవాళ్లు వెళ్లిపోవడానికి కాస్త ముందు, అవ్వకు మాట పడిపోతోందని కబురొస్తే ఊరికి పోయాను. నా చెయ్యి పట్టుకుంది. మాట సరిగా రాకపోయినా ఏమడుగుతోందో నాకు తెలుసు. ఆ ఒక్క మాటే, ఇన్నేళ్లుగా కనిపించినప్పుడల్లా అడుగుతున్నదే. నాయన నా భుజం తట్టి, "చెప్పమ్మా, నీ సొమ్మేం పోతాది? ముసల్ది నెమ్మదిగా పోతాది" అన్నాడు. అమ్మ కూడా బతిమాలింది.

తెల్లారగట్ల తలుపు తట్టింది నేను కాదు. తట్టినామె బతికి ఉంటే క్షమించేదో, మొహాన ఉమ్మేసేదో నాకేం తెలుసు? అవ్వ చెయ్యి వదల్లేదు, ఆ మాటా చెప్పలేదు. ఆమె నా మొహంలోకే చూస్తూ, తన కూతురిని పేరు పెట్టి పిలిచి పోయింది.